పాత సముద్రపు ఉప్పు, కొత్త సముద్రపు ఉప్పు: గోదావరి డెల్టాలో భూగర్భజల నమూనాల చరిత్ర

భూమి లోపలి నీటిలో కలిసిన మలినం ఏ దిక్కుగా, ఎంత వేగంతో, ఎంత గాఢతతో కదులుతుందో కంప్యూటరు మీద లెక్కగట్టే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఫ్యాక్టరీ వ్యర్థాల వల్ల, చెత్తగుంటల వల్ల, అణు వ్యర్థాల భయం వల్ల పెరిగింది. గోదావరి డెల్టాలో ఆ పద్ధతికి పని కల్పించింది ఉప్పు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, వాటికి ఇరువైపులా పరుచుకొన్న ఈ నేలలో గునపానికి అందేంత లోతులోనే నీరు తగులుతుంది గాని, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఆ నీరు నోట పెట్టరానిదవుతుంది. ఆ ఉప్పు ఎప్పటిది, అది ఇప్పుడు కదులుతున్నదా, కదులుతుంటే ఎవరి పనివల్ల కదులుతున్నది అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఇక్కడి భూగర్భజల నమూనాల చరిత్ర నడిచింది. వాటిలో మొదటి ప్రశ్న చరిత్రకు సంబంధించినదే తప్ప గణితానికి సంబంధించినది కాదన్న సంగతి తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

డెల్టా పుట్టుక తెలియకుండా ఈ వివాదం అర్థం కాదు. చివరి మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగి, సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట నిలకడకు వచ్చినప్పుడు బంగాళాఖాతపు తీరం ఇప్పటికన్నా చాలా కిలోమీటర్లు లోపల ఉండేది. ఆ తరువాత గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కు నెడుతూ వచ్చింది. తీరం నిలిచిన ప్రతిచోటా అలలూ గాలీ కలిసి ఒక ఇసుక మెరకను పేర్చాయి. రెండు మెరకల నడుమ పల్లంలో ఉప్పునీటి మడుగులు నిలిచి, వాటి అడుగున సన్నని బంకమట్టి పేరుకొన్నది. ఈనాడు కొబ్బరితోటలూ ఊళ్లూ ఉన్న మెరకలు, వరి పండే పల్లాలు ఆ పాత తీరరేఖల ఆనవాళ్లే. మెరకలలోని ఇసుకలోకి వాన నీరు ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలుచని మంచినీటి పొరగా తేలి ఉంటుంది కనుకనే తీరప్రాంతపు జనం చెలమలు, ఊటబావులు మెరకల మీదనే తవ్వుకొన్నారు. ఇదంతా ఏ సిద్ధాంతమూ చదవకుండా తరాల అనుభవం చెప్పిన భూగర్భజల శాస్త్రం. పల్లాలలోని బంకమట్టి మాత్రం తాను పుట్టినప్పటి సముద్రపు నీటిని తన సూక్ష్మరంధ్రాలలోనే పట్టి ఉంచింది.

డెల్టాకు ఎగువన, రాజమహేంద్రవరం పరిసరాల మెట్ట ప్రాంతాలలో పరిస్థితి వేరు. రాజమండ్రి ఇసుకరాయి అని భూవిజ్ఞానులు పిలిచే పొర నీటిని బాగా నింపుకొని, బాగా విడిచిపెట్టే జాతి. నీటిని ఇలా నిలవచేసి, బావికి అందించగల పొరను జలస్తరం అంటారు. ఆ ఇసుకరాయి ఆగ్నేయంగా వాలి ఒండ్రు కిందికి దిగిపోతుంది. మెట్టలో సమస్య నీరు ఎంత లోతుకు పోయిందన్నది. డెల్టాలో సమస్య నీరు ఎలాంటిదన్నది.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్టను వ్యవసాయ చరిత్రలోనూ, కరవు చరిత్రలోనూ చెప్పుకొంటారు గాని, భూగర్భజల చరిత్రలో చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు పది లక్షల ఎకరాలకు ప్రవహించిన కాలువ నీరు పంటకు పోగా మిగిలినది నేలలోకి ఇంకుతూ, అంతకుముందు వాననూ వరదనూ నమ్ముకొన్న నీటిమట్టాన్ని ఏడాదిలో ఎక్కువ నెలలు పైకెత్తి ఉంచింది. సముద్రమట్టం కన్నా నేలలోని మంచినీటి మట్టం ఎంత ఎత్తున ఉంటే ఉప్పునీరు అంత దూరాన ఆగుతుంది కనుక, ఆనకట్ట తనకు తెలియకుండానే ఒక అడ్డుగోడగా పనిచేసింది. చుట్టూ పోటునీరు ఆడే నగరం లంకకు 1850లలోనే గన్నవరం వద్ద వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టి కాలువను దాటించవలసి వచ్చిందంటే, ఆ లంక ప్రజలకూ పొలాలకూ కాలువ నీటి అవసరం ఎంతటిదో ఊహించవచ్చు. పాత కట్టడం స్థానంలో 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

అయితే నేలలోకి వచ్చిన నీరు బయటికి పోయే దారి కూడా ఉండాలి. కాలువలు తవ్వినంత శ్రద్ధగా మురుగు కాలువలు తవ్వలేదన్న ఫిర్యాదు డెల్టాలో తరతరాలుగా ఉన్నది. 1960లలో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది, 1968లో ఆ పనుల కోసం రైతుల నుంచి డ్రైనేజీ సెస్సు వసూలుకు ప్రత్యేక చట్టమే వచ్చింది. మురుగు కాలువలన్నీ చివరకు సముద్రంలోనో, పోటు తగిలే ఏరులోనో కలుస్తాయి. పోటు వేళ అదే దారిన ఉప్పునీరు వెనక్కు ఎక్కి వస్తుంది. ఈ సంగతి ఇక్కడ గుర్తుంచుకోవలసి ఉన్నది, ఎందుకంటే మొదటి కంప్యూటరు నమూనాలకు ఉప్పు రావడానికి ప్రధానంగా కనిపించిన దారి సముద్రతీరం. రెండవ దారిని గుర్తించడానికి నేల మీద తిరిగి కొలవవలసి వచ్చింది.

లెక్క ఎలా పుట్టిందో ఇక చూడవలసి ఉన్నది. ఫ్రాన్సులోని డిజాన్ పట్టణపు మంచినీటి సరఫరాను నిర్మించిన హెన్రీ డార్సీ 1856లో ప్రచురించిన సూత్రం ప్రకారం, ఇసుక గుండా పోయే నీటి ప్రవాహం రెండు చివరల మట్టాల తేడాకూ, ఆ ఇసుక నీటిని ఎంత సులువుగా పోనిస్తుందన్న పారగమ్యతకూ అనులోమంగా ఉంటుంది. దీన్ని డెల్టాకు అన్వయించి ఒక ఉజ్జాయింపు వేయవచ్చు. రోజుకు 20 మీటర్ల పారగమ్యత గల ఇసుకలో, 5,000 మీటర్లకు ఒక మీటరు వాలు ఉండి, ఇసుకలో నాలుగవ వంతు ఖాళీ అయితే, నీరు ఏడాదికి సుమారు 6 మీటర్లు మాత్రమే నడుస్తుంది. కిలోమీటరు దాటడానికి 170 ఏళ్లు పడుతుంది. అంటే కాటన్ ఆనకట్ట కట్టిన ఏడాది బయలుదేరిన నీటిబొట్టు ఇప్పటికి కిలోమీటరు దూరం పోయి ఉంటుందన్నమాట. బంకమట్టిలో పారగమ్యత ఇంతకన్నా లక్ష రెట్లు తక్కువ ఉండవచ్చు కనుక అక్కడ ప్రవాహం అన్న మాటకే అర్థం ఉండదు. ఉప్పు కదిలేది గాఢత ఎక్కువైన చోటు నుంచి తక్కువైన చోటుకు అణువులు తమంతట తాము జరిగే వ్యాపనం వల్లనే. ఆ జరుగుబాటు ఎంత మందకొడిదంటే, పది మీటర్ల మందం గల బంకమట్టి తనలోని ఉప్పును పోగొట్టుకోవడానికి పదివేల ఏళ్ల స్థాయి కాలం కావాలి. ఆరేడు వేల ఏళ్ల వయసున్న డెల్టాలో పాత సముద్రం ఇంకా మిగిలి ఉండడంలో వింతేమీ లేదు.

సముద్రపు నీరు మంచినీటి కన్నా వందకు రెండున్నర పాళ్లు బరువు. ఈ చిన్న తేడా నుంచి 1888లో డచ్చి ఇంజనీరు బాడోన్ గైబెన్, 1901లో జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ వేర్వేరుగా ఒకే ఫలితానికి వచ్చారు: సముద్రమట్టం మీద మంచినీటి మట్టం ఒక మీటరు ఎత్తున ఉంటే, సముద్రమట్టం కింద 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది. తిరగేసి చెబితే, ఫిల్టర్ పాయింట్లనే తక్కువ లోతు గొట్టపుబావులతో తోడి మట్టాన్ని అర మీటరు దించిన చోట ఉప్పునీటి హద్దు 20 మీటర్లు పైకి లేవడానికి సిద్ధమవుతుంది. బావి కింద ఉప్పునీరు శంకువులా పైకి ఉబికే ఈ దృగ్విషయం డెల్టా బోర్ల యజమానులకు పేరు తెలియకపోయినా పరిచితమైనదే. ఈ నియమానికి ఒక లోపమున్నది. అది ఉప్పునీటినీ మంచినీటినీ కలవని రెండు ద్రవాలుగా, ఉప్పునీటిని కదలనిదిగా భావిస్తుంది. నిజానికి రెండింటి నడుమ ఉన్నది గీత కాదు, మందమైన మిశ్రమ మండలం. అందులో ఉప్పునీరు లోపలికి వచ్చి, కలిసి, పైకి తిరిగి సముద్రంలోకే పోతూ ఉంటుందని 1959లో అమెరికాలో హిల్టన్ కూపర్ వివరించాడు, 1964లో హెరాల్డ్ హెన్రీ దానికి గణిత పరిష్కారం ఇచ్చాడు.

మిశ్రమాన్ని లెక్కలోకి తెచ్చుకోగానే చేతి లెక్క చాలకుండా పోయింది. నీటితోబాటు కొట్టుకుపోవడం, ఇసుకరేణువుల నడుమ దారులు చీలి కలవడం వల్ల వెడల్పుగా చెదిరిపోవడం, మట్టికి అంటుకొని వెనకబడడం, రసాయనికంగా మారిపోవడం అన్న నాలుగింటినీ ఒకే సమీకరణంలో పెట్టి, నేలను వేల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికీ రాకపోకల జమాఖర్చు చూస్తూ కాలాన్ని కొద్దికొద్దిగా ముందుకు జరపాలి. కంప్యూటర్లు చవక కాకముందు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఈ పనికి వేల విద్యున్నిరోధకాలను వలగా అల్లిన పలకలను వాడేది. నీటికి బదులు కరెంటు, మట్టానికి బదులు వోల్టేజి. 1973లో జార్జ్ పిండర్ న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో క్రోమియం వ్యాప్తిని, 1974లో లెనార్డ్ కోనికో, జాన్ బ్రెడెహాఫ్ట్ కొలరాడోలోని అర్కాన్సా నదిలోయలో సాగునీటి వల్ల పెరిగిన ఉప్పును లెక్కించారు. ఈ రెండవది డెల్టా పాఠకులకు ఎక్కువ దగ్గర: అక్కడి కర్మాగారం పొలమే. 1984లో క్లిఫర్డ్ వాస్ రాసిన సూత్రా అనే ప్రోగ్రాం నీటి బరువు ఉప్పుతో మారడాన్ని కూడా లెక్కలో చేర్చుకొన్నది. అదే కాలంలో మైకేల్ మెక్‌డొనాల్డ్, ఆర్లెన్ హార్బా తయారుచేసిన మాడ్‌ఫ్లో నీటి ప్రవాహానికీ, 1990లో చున్‌మియావో జెంగ్ రాసిన ఎంటీత్రీడీ దానిలో కలిసిన మలినానికీ దాదాపు అందరూ వాడే పనిముట్లయ్యాయి.

తెలుగునేల మీద ఈ పనిముట్లు మొదట గట్టిగా పనిచేసినది డెల్టాలో కాదు, అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో. 1970లలో ఏర్పడిన ఆ పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగులోకి చేరి, వాగు వెంబడి ఒండ్రులో ఇంకి, బావులను చెరిచాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1961లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన వి.వి.ఎస్. గురునాథరావు, ఆర్.ఎల్. ధార్, కె. సుబ్రహ్మణ్యం 2001లో ప్రచురించిన పరిశోధనలో ఆ వ్యాప్తిని నమూనాలో పెట్టి, మలినం ఇకముందు ఎటు పోతుందో అంచనా వేశారు. అక్కడ మలినానికి పుట్టినచోటు ఉన్నది, పుట్టిన సంవత్సరం ఉన్నది, వాగు అనే దారి ఉన్నది. నమూనాకు కావలసిన తొలిస్థితి, అంటే లెక్క మొదలైన రోజున నీరు ఎలా ఉన్నదన్న వివరం, శుభ్రమైన నీరుగా భావించుకోవడానికి వీలున్నది. గోదావరి డెల్టాలో ఆ సౌకర్యం లేదు.

డెల్టాకు తొలి ముఖ్యమైన నమూనా కెనడా నుంచి వచ్చింది. ఒంటారియోలోని బర్లింగ్టన్‌లో జాతీయ జల పరిశోధన సంస్థలో పనిచేసిన ఎ. ఘోష్ బొబ్బా తీరప్రాంత జలస్తరాలలో ఉప్పునీటి చొరబాటుకు వాడే గణిత నమూనాలను 1993లో సమీక్షించి, 1998లో లక్షదీవులలోని అగత్తి దీవి మంచినీటి పొరకు నమూనా కట్టి, 2002లో గోదావరి డెల్టాకు సూత్రాను అన్వయించాడు. మనుషుల పనుల వల్లా, సముద్రమట్టం మార్పు వల్లా డెల్టాలో ఉప్పునీరు ఎంత ముందుకు రాగలదన్నది ఆయన ప్రశ్న. భూగర్భజలాల తోడకం అప్పటి తీరునే సాగి, నదిలోని మంచినీటిలో పెద్ద భాగాన్ని సాగుకూ, పరిశ్రమలకూ, ఊళ్లకూ మళ్లిస్తే, సముద్రపు నీరు తీర జలస్తరంలోకి గణనీయంగా ముందుకు వస్తుందని ఆ లెక్క చెప్పింది. సులువైన భావచిత్రం మీద కట్టిన నమూనా అది. ఆ సంగతిని అది దాచలేదు. నదినీ కాలువనూ బావినీ సముద్రాన్నీ ఒకే లెక్కలోకి తెచ్చి, ఎగువన మళ్లించే నీటికి దిగువన బావి ఏమి చెల్లిస్తుందో అడగడం దాని గొప్పతనం. ఉప్పు సముద్రం వైపు నుంచే వస్తున్నదన్న భావన మాత్రం ఆ చిత్రంలో ముందే కూర్చుని ఉన్నది.

ఆ భావనను పరీక్షకు పెట్టినది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థే. గురునాథరావు బృందం మధ్య డెల్టాలో, రవ్వ చమురు క్షేత్రపు తీర టెర్మినల్ ఉన్న సురసానియానం పరిసరాలలో చేసిన పని 2011లో వెలువడింది. నేల మీద వరుసగా విద్యుత్ కడ్డీలు నాటి కరెంటు పంపి, ఏ లోతున నేల కరెంటును ఎంత అడ్డుకొంటున్నదో చిత్రించే పద్ధతిని వారు వాడారు. సముద్రపు నీటి నిరోధకత ఓమ్-మీటరులో అయిదవ వంతు దగ్గర ఉంటుంది. మంచినీరు నిండిన ఇసుకకు అది పదుల్లో ఉంటుంది. తీరానికి దగ్గరగా నేల పైనుంచి 12–15 మీటర్ల దాకా మందమైన సముద్రపు బంకమట్టి ఉన్నట్లు, తీరానికి దూరంగా మంచినీరు నిండిన ముతక ఇసుక ఉన్నట్లు ఆ చిత్రాలు చూపాయి. నీటిమట్టం 0.8 నుంచి 3.4 మీటర్ల లోతులోనే ఉన్నా, పైపొర నీరు ఉప్పన కావడం వల్ల అక్కడ సేద్యానికీ ఇంటివాడుకకూ భూగర్భజలం తోడడమే లేదు. తోడకమే లేని చోట తోడకం వల్ల సముద్రం చొరబడిందనడం ఎలా కుదురుతుంది?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. బంకమట్టి కూడా ఉప్పునీటిలాగే కరెంటును సులువుగా పోనిస్తుంది కనుక, చిత్రంలో కనిపించే తక్కువ నిరోధకత ఒక్కటే దేనినీ నిరూపించదు. అందుకు రసాయన విశ్లేషణ తోడుకావలసి వచ్చింది. సముద్రపు నీటిలో సోడియానికీ క్లోరైడుకూ అణువుల లెక్కన నిష్పత్తి 0.86 ప్రాంతంలో స్థిరంగా ఉంటుంది. సల్ఫేటుకూ క్లోరైడుకూ కూడా తనదైన నిష్పత్తి ఉంటుంది. మధ్య డెల్టా నీళ్లలో ఈ నిష్పత్తులు ఇప్పటి సముద్రపు చొరబాటును చూపలేదు. ఉప్పుకు మూలం పూర్వకాలపు సముద్రం విడిచిన లవణత అని, బంకమట్టిలోని ఉప్పు మెల్లగా కరిగి కలవడమని, ఆవిరై మిగిలిన లవణాలు తిరిగి కరగడమని వారు నిర్ణయించారు. దానితోబాటు మురుగు కాలువల వెంబడి ఉప్పునీరు నేలలో కలుస్తున్నట్లు కూడా కనిపించింది. నీటిమట్టం 4.5 నుంచి 13.3 మీటర్ల లోతుకు దిగిన టెర్మినల్ బావుల దగ్గర మాత్రం కింది నుంచి ఉప్పునీరు శంకువులా లేవడమూ, పక్కనున్న పీకలేరు డ్రెయిన్ నీరు కలవడమూ తేలాయి. అంటే తోడిన చోట గైబెన్, హెర్జ్‌బెర్గ్ చెప్పినది జరుగుతూనే ఉన్నది. తోడని చోట పాత సముద్రం ఉన్నచోటనే ఉన్నది.

బొబ్బా లెక్క తప్పని, హైదరాబాదు కొలత ఒప్పని దీన్ని కుదించడం సరికాదు. ఒకటి రాబోయే కాలం గురించి చెప్పిన షరతుతో కూడిన మాట, మరొకటి ఉన్న స్థితి గురించిన నిర్ధారణ. రెండింటినీ కలిపి చదివినప్పుడు బయటపడేది నమూనాల లోతైన బలహీనత: ఒకే బావిలోని ఒకే ఉప్పదనాన్ని రెండు పూర్తిగా వేర్వేరు కథలు సమానంగా వివరించగలవు. పారగమ్యతను కొంచెం పెంచి, తొలిస్థితిని శుభ్రమైన నీరుగా పెడితే సముద్రం వచ్చిన కథ సరిపోతుంది. పారగమ్యతను తగ్గించి, తొలిస్థితినే ఉప్పుగా పెడితే సముద్రం పోని కథ సరిపోతుంది. భూగర్భజల నమూనాలను నిజమని రుజువుచేయడం సాధ్యం కాదని, అవి తప్పని మాత్రమే ఎప్పుడైనా తేలగలదని కోనికో, బ్రెడెహాఫ్ట్ 1992లో రాసిన వ్యాసం, ఇద్దరూ ఆ విద్యను కట్టినవారే కావడం వల్ల, అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది. రెండు కథలలో ఏది నిజమన్న దాని మీదనే విధానం ఆధారపడుతుంది. సముద్రం వస్తున్నదంటే తోడకాన్ని ఆపాలి. పాత ఉప్పే అయితే పై నుంచి మంచినీటిని ఇంకించడం, మురుగు కాలువల ముఖద్వారాల దగ్గర పోటును ఆపడం ముఖ్యమవుతాయి.

ఈ రెండు ఉప్పులకూ మూడవది చేరింది రొయ్యల చెరువులతో. 1990లలో తీరమండలాల పొడవునా, తరువాత భీమవరం ప్రాంతపు వరిపొలాలలోకీ విస్తరించిన చెరువులలో ఉప్పునీరు పొలం మధ్యలోనే నిలుస్తుంది. దానికి తీరంతో పనిలేదు. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీరప్రాంతపు రొయ్యల సాగు వల్ల తాగునీటి బావులు ఉప్పనవుతున్న సంగతిని దేశం ముందు పెట్టింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. నమూనా కట్టేవారికి ఇది పెద్ద తలనొప్పి. సముద్రం ఒకే గీతగా నమూనా అంచున నిలుస్తుంది, బంకమట్టి ఒకే పొరగా పరుచుకొంటుంది. చెరువులు మాత్రం వేల చుక్కలుగా, ఏటా మారే చోట్ల, ఏ నెలలో నింపారో ఏ నెలలో డ్రెయిన్‌లోకి వదిలారో లెక్క దొరకకుండా పుడుతూ పోతుంటాయి.

తీరం కూడా నిలకడగా లేదు. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపివేయడం వల్ల గోదావరి డెల్టా అంచు కోతకు గురవుతున్నదని, మడ అడవుల నేల తరిగిపోతున్నదని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో చూపారు. వేల ఏళ్లుగా సముద్రాన్ని వెనక్కు నెట్టిన ప్రక్రియ తిరగబడడమంటే, నమూనాలో కదలనిదిగా పెట్టుకొన్న సరిహద్దు కదలడమే. 2002 నాటి నమూనా ఊహగా వేసిన నీటి మళ్లింపు కూడా ఊహగా మిగలలేదు. ధవళేశ్వరానికి ఎగువన పట్టిసీమ నుంచి 2015లో గోదావరి నీరు కృష్ణా డెల్టాకు పోవడం మొదలైంది, పోలవరం నిర్మాణం దాని వెనకనే ఉన్నది. వరద రోజుల్లో తీసుకొనే నీటి వల్ల మధ్య డెల్టా అయిన కోనసీమ నీటిమట్టానికి కలిగే తేడా స్వల్పమే కావచ్చు. లెక్క బిగుసుకొనేది నది సన్నబడిన నెలల్లో, రెండవ వరిపంట అయిన దాళ్వా చివర నుంచి కాలువలు కట్టేసి మరమ్మతులు చేసే వేసవి దాకా. ఆ కాలంలో డెల్టాకు అందే నీటిలో ముఖ్యభాగం సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలేదే కనుక, సురసానియానం దగ్గరి ఒక బావిలోని ఉప్పును సరిగా లెక్కించదలచిన నమూనా తన ఎగువ సరిహద్దును ధవళేశ్వరం దగ్గర ఆపకుండా, సీలేరు టర్బైన్లు ఏ నెలలో ఎంత నీరు విడుస్తాయన్న పట్టిక దాకా జరపవలసి ఉంటుంది.